పళ్లు తోముతుంటే రక్తం వస్తోందా? చిగుళ్ల జబ్బును గుర్తించి నయం చేయించుకోవడం ఎలా

పొద్దున్నే బేసిన్‌లో ఉమ్మితే నురగలో సన్నని ఎర్ర చార కనబడుతుంది. బ్రష్ గుచ్చుకుందేమో అనుకుంటాం. మర్నాడు ఆ పక్క కాస్త మెల్లగా తోముతాం. వారం తిరిగేసరికి అసలు ఆ పక్కకే బ్రష్ పోనివ్వం. నేను కింది ముందు పళ్ల వెనక వైపును అలా దాదాపు రెండేళ్లు వదిలేశాను. చివరికి ఒకరోజు జామకాయ కొరికితే కాయ మీద పంటి గాట్లతో పాటు రక్తపు మరకలూ పడ్డాయి. అప్పుడు కదిలి పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. అంతా చూశాక ఆవిడ, "రక్తం వచ్చే చోటే ముందు తోమాలండీ, మీరు దాన్నే వదిలేశారు" అన్నారు. కింద రాసినదంతా ఆ మాటను ఎలా ఆచరణలో పెట్టాలన్నదే.

ముందు పాచి అంటే ఏంటో, గార అంటే ఏంటో

పళ్ల మీద పట్టే మెత్తటి పొర పాచి. గోటితో గీకితే వచ్చేస్తుంది. అది తిండి మిగులు అనుకుంటాం గానీ అందులో ఎక్కువ భాగం ఒకదానికొకటి అతుక్కుని బతికే సూక్ష్మజీవులు. శుభ్రంగా తోమిన కొన్ని గంటలకే మళ్లీ పట్టడం మొదలవుతుంది. దాన్ని కదపకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ వచ్చి చేరి కొద్ది రోజుల్లోనే రాయిలా గట్టిపడుతుంది. అదే గార. గార ఏ బ్రష్‌కీ, ఏ పేస్టుకీ లొంగదు. అది ముందుగా పట్టేది కింది ముందు పళ్ల వెనకా, పై దవడ పళ్ల బుగ్గ వైపునా. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది అక్కడే మరి.

పాచికీ చిగుళ్ల వాపుకీ ఉన్న లంకెను తేల్చింది 1965లో వచ్చిన ఒక ప్రయోగం. డెన్మార్క్‌లోని ఆర్హూస్‌లో హరాల్డ్ లోయె అనే పరిశోధకుడు చిగుళ్లు బాగున్న 12 మందిని ఎంచుకుని, కొన్నాళ్లు పళ్లు తోముకోవద్దన్నాడు. ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. రెండు మూడు వారాల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక సుమారు వారంలో మామూలైపోయాయి. మందు లేదు, మాకు లేదు. ఈ దశను డాక్టర్లు జింజివైటిస్ అంటారు. చిగురు ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, తాకితే రక్తం వస్తుంది. ఇక్కడే మేలుకుంటే పూర్తిగా వెనక్కి తిరిగి రావచ్చు.

ఆ తర్వాతి దశ పెరియోడాంటైటిస్. పాతతరం వాళ్లు పయోరియా అంటారు. ఇక్కడ చిగురు పంటిని వదిలి కిందికి జారి, మధ్యలో సంచిలాంటి సందు ఏర్పడుతుంది. దాన్ని పాకెట్ అంటారు. పాచి ఆ పాకెట్‌లోకి దిగుతుంది, అక్కడే గార కడుతుంది, పంటిని పట్టుకున్న ఎముక మెల్లగా కరుగుతుంది. పందిరి రాట చుట్టూ మన్ను కోసుకుపోతే రాట ఊగినట్టు పన్ను ఊగుతుంది. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే ఇక వైద్యం.

పిప్పి పన్ను రాత్రంతా నిద్ర పట్టనివ్వదు కాబట్టి తెల్లారగానే డాక్టర్ దగ్గరికి పరిగెడతాం. చిగుళ్ల జబ్బుకు ఆ నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్న కొద్దీ ముదురుతుంది.

మొదటి పని: అద్దం ముందు అయిదు నిమిషాలు

పగటి వెలుతురులో గానీ ఫోన్ టార్చ్‌తో గానీ చూసుకోండి. పెదవి పైకెత్తి, కిందికి లాగి, బుగ్గను వేలితో పక్కకు తీసి.

చిగురు అంచు పంటికి అతుక్కుని పలుచగా, కత్తి మొనలా ఉందా, లేక గుండ్రంగా ఉబ్బి నిగనిగలాడుతోందా? ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మనలో చాలామందికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగానో, నల్ల మచ్చలతోనో ఉంటాయి. అది ఒంటి రంగు లాంటిదే, జబ్బు కాదు. చూడాల్సింది ఆ నలుపును కాదు, అంచున కొత్తగా వచ్చిన ఎరుపును, వాపును.

తర్వాత పళ్ల మధ్య చూడండి. రెండు పళ్ల నడుమ చిగురు త్రికోణంలా నిండుగా ఉండాలి. ఆ త్రికోణం తగ్గి నల్లటి సందు కనిపిస్తున్నా, పళ్లు మునుపటికన్నా పొడుగైనట్టున్నా, ముందు పళ్ల మధ్య కొత్తగా ఎడం వచ్చినా చిగురు కిందికి జారిందనే అనుమానించాలి. శుభ్రంగా కడిగిన వేలితో చిగురును పంటి వైపు నొక్కితే చీము చుక్క వస్తోందా? ఒక్కో పంటిని రెండు చూపుడు వేళ్ల గోళ్ల మధ్య పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. చివరగా దారం లాంటి డెంటల్ ఫ్లాస్‌ను వెనక పళ్ల సందులోకి పోనిచ్చి తీసి వాసన చూడండి. ఇబ్బందిగా అనిపించే పనే గానీ, నోటి దుర్వాసన సంగతి మొహమాటం లేకుండా చెప్పేది అదొక్కటే. ఇంట్లోవాళ్లు కూడా చెప్పరు.

పొగ తాగేవాళ్లకు ఒక హెచ్చరిక. మీకు రక్తం రాకపోవడం మంచి గుర్తు కాకపోవచ్చు. పొగాకు చిగుళ్లలో రక్తప్రసరణను తగ్గించి వాపునూ రక్తాన్నీ దాచిపెడుతుంది. లోపల ఎముక మాత్రం మామూలు వాళ్లకన్నా వేగంగా కరుగుతుంది. సిగరెట్, బీడీ, చుట్ట అన్నీ ఇంతే. గుట్కా, ఖైనీ బుగ్గన పెట్టుకునేవాళ్లకు సరిగ్గా పెట్టుకున్న చోటే చిగురు జారిపోతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు పెద్దావిడలు వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. వాళ్ల విషయంలో చిగుళ్లతో పాటు అంగిలిని కూడా తప్పకుండా చూపించాలి. ఆ వేడికి, పొగకు అంగిలి మీద క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.

రెండో పని: ఒంట్లో ఇంకేమైనా ఉందా చూసుకోవడం

అన్నిటికన్నా ముందు షుగర్. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్లలో వాపు ఉన్నంత కాలం షుగర్ అదుపులోకి రావడానికి మొరాయిస్తుంది. ఇది రెండు వైపులా కోసే కత్తి. చిగుళ్ల వైద్యం సరిగ్గా జరిగిన వాళ్లలో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను శాతంలో చెప్పే రక్తపరీక్ష) అంకె సగటున 0.4 దాకా తగ్గినట్టు పరిశోధనలు చెబుతున్నాయి. మాత్రలు మార్చినా షుగర్ దిగడం లేదని వాపోయేవాళ్లు ఒకసారి నోరు తెరిచి చూపించుకోవాలి. షుగర్ ఉందని తెలియనివాళ్లు, పళ్లు నలభై ఏళ్లకే ఊగుతుంటే రక్తపరీక్ష చేయించుకోవాలి.

తర్వాత మందులు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వాడే సైక్లోస్పోరిన్ కొందరిలో చిగుళ్లను పెంచేస్తాయి. పంటి సగం దాకా కండ ఎక్కినట్టు ఉంటుంది. అలా అనిపిస్తే మందు మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టర్‌కు చెప్పండి, వేరేది మార్చే వీలుంటుంది.

గర్భిణులకు హార్మోన్ల వల్ల కాస్త పాచికే చిగుళ్లు ఎక్కువగా ఉబ్బుతాయి. కడుపుతో ఉన్నప్పుడు పళ్ల జోలికి వెళ్లకూడదనే మాట పట్టుకుని కాన్పు దాకా ఆగనక్కర్లేదు. క్లీనింగ్ చేయించుకోవచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య అయితే కుర్చీలో వెనక్కి వాలడానికి కూడా సులువు.

కొన్ని రకాల రక్తస్రావం చిగుళ్ల జబ్బు కానే కాదు. జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి రక్తం వస్తే, ముఖ్యంగా వానాకాలంలో, అది డెంగీ ముదురుతున్న గుర్తు కావచ్చు. వెళ్లాల్సింది ఆసుపత్రికి. ఏమీ తగలకుండానే ఊరికే రక్తం కారడం, ఒంటి మీద కమిలిన మచ్చలు, చిగుళ్లు ఒక్కసారిగా ఉబ్బి నీరసం కమ్మడం కనిపిస్తే వెంటనే రక్తపరీక్ష చేయించండి.

మూడో పని: పళ్ల డాక్టర్ దగ్గర ఏం అడగాలి

"పళ్లు క్లీన్ చేయండి" అని కుర్చీలో కూర్చుంటే క్లీన్ చేసి పంపేస్తారు. మీకు కావాల్సింది అంతకన్నా ఎక్కువ. ముందు పాకెట్లు కొలవమని అడగండి. గీతలున్న సన్నని పుల్ల లాంటి పరికరంతో ప్రతి పంటికీ చుట్టూ ఆరు చోట్ల లోతు చూస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లయితే మామూలు. 4 అంటే కన్నేసి ఉంచాలి. 5, 6, అంతకు మించి ఉంటే అక్కడికి మీ బ్రష్ చేరదు. కొలిచేటప్పుడు కొంచెం చురుక్కుమంటుంది, అంతే. ఆ అంకెలు రాసిన చార్టును అడిగి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఎముక ఎంత మిగిలిందో ఎక్స్‌రేలో తెలుస్తుంది.

రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, గుండె కవాటం మార్పించుకున్నా, ఎముకలు గట్టిపడటానికి ఇంజెక్షన్లు తీసుకుంటున్నా ముందే చెప్పండి. గుండె మాత్రలు సొంతంగా ఆపి రావద్దు.

వైద్యం మెట్లు ఇలా ఉంటాయి. మొదట స్కేలింగ్, అంటే చిగురు పైనా కొద్దిగా లోపలా ఉన్న గారను నీళ్లు చిమ్మే మిషన్‌తో తీసేయడం. పాకెట్లు లోతుగా ఉంటే రూట్ ప్లానింగ్. డీప్ క్లీనింగ్ అని కూడా అంటారు. మత్తు ఇచ్చి, వేరు మీద గారను తీసి నున్నగా చేస్తారు. ఒక్కో పక్క ఒక్కో రోజు చేయడం మామూలే. ఆరు నుంచి ఎనిమిది వారాలు లేదా మూడు నెలలు ఆగి మళ్లీ కొలుస్తారు. అప్పటికీ లోతు తగ్గని చోట్ల చిగురును తెరిచి శుభ్రం చేసి కుట్లు వేసే ఫ్లాప్ సర్జరీ గురించి మాట్లాడతారు. మొదటి రోజే అన్ని పళ్లకూ సర్జరీ అంటే మాత్రం, ఇంకో చోట చూపించుకోవడంలో తప్పు లేదు. ముందు శుభ్రం చేసి, చిగురుకు మానే సమయమిచ్చి, ఆ తర్వాతే నిర్ణయించాలి.

చిగుళ్లకు ప్రత్యేకంగా ఎండీఎస్ చేసినవాళ్లను పెరియోడాంటిస్టులు అంటారు. ఖర్చు భయమైతే డెంటల్ కాలేజీలు మంచి దారి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. పెరియోడాంటిక్స్ విభాగం ఎక్కడని అడిగి వెళ్లండి. విద్యార్థులు చేస్తారని జంకక్కర్లేదు, పక్కన ప్రొఫెసర్లు ఉంటారు. తీరిగ్గా చేస్తారు కూడా. సగం రోజు సెలవు పెట్టుకుని వెళ్లాలి, అదొక్కటే.

ఇక స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న మాట. ప్రతి ఇంట్లో ఒక పిన్నిగారో బాబాయిగారో ఈ మాట అంటారు. వాళ్లకు అలా అనిపించడానికి కారణం లేకపోలేదు. ఎముక అప్పటికే కరిగి, పన్ను గార మధ్య ఇరుక్కుని కదలకుండా ఉంటుంది. గార తీసేయగానే అసలు ఊపు బయటపడుతుంది. వాపు దిగి చిగురు బిగుసుకుంటుంది కాబట్టి పళ్ల మధ్య సందులు కొత్తగా కనిపిస్తాయి, చల్లనివి తాగితే కొన్నాళ్లు జివ్వుమంటుంది. జివ్వుమనడం చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. సందులు మాత్రం ఉండిపోతాయి. ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు.

ఇంకో చిక్కు నల్లగొండ లాంటి ఫ్లోరైడ్ ఊళ్లలో పెరిగినవాళ్లకు. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలను గారే అనుకుని స్కేలింగ్‌కు వెళ్తారు, అవి పోలేదని నిరాశపడతారు. ఫ్లోరోసిస్ మచ్చలు పన్ను తయారయ్యేటప్పుడే లోపల ఏర్పడినవి. వాటికి వైద్యం వేరు.

నాలుగో పని: ఇంట్లో తోముకోవడం మళ్లీ నేర్చుకోవడం

నిజానికి జబ్బు తగ్గేదీ తిరగబెట్టేదీ ఇక్కడే. డాక్టర్ గంట పని చేస్తే మిగిలిన మూడు నెలలూ మీ చేతిలోనే ఉంటుంది.

మెత్తటి కుంచె ఉన్న చిన్న తల బ్రష్ కొనండి. గట్టి బ్రష్‌తో రుద్దితే పాచి బాగా పోతుందనుకోవడం పొరపాటు. దానివల్ల చిగురు ఇంకా జారుతుంది, పంటి మొదట్లో గాడి పడుతుంది. బ్రష్‌ను పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే ఒత్తిడి దానంతట అదే తగ్గుతుంది. కుంచె సగం చిగురు మీద, సగం పంటి మీద ఉండేలా 45 డిగ్రీలు వాల్చి, చిగురు అంచు వైపు పెట్టండి. అక్కడే వణికించినట్టు చిన్నగా కదపండి. పది సార్లు. తర్వాత పంటి కొస వైపు ఊడ్చి పక్క పళ్లకు జరగండి. అమెరికాలో చార్లెస్ బాస్ అనే వైద్యుడు 1940లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇవాళ్టికీ చిగుళ్ల డాక్టర్లు నేర్పేది దాదాపు ఇదే.

మొదలుపెట్టాల్సింది మీరు ఎప్పుడూ వదిలేసే చోటు నుంచి. చాలామందికి అది కింది పళ్ల నాలుక వైపు. ముందు పళ్ల వెనక తోమడానికి బ్రష్‌ను నిలువుగా పట్టుకోండి. రక్తం వస్తుంది. భయపడకండి, ఆపకండి, అలాగని కసిగా రుద్దకండి. పైపై వాపే అయితే రోజూ ఇలా చేసిన వారం పది రోజుల్లో రక్తం తగ్గడం మీ కళ్లకే తెలుస్తుంది. రెండు వారాలైనా తగ్గకపోతే లోపల గార ఉన్నట్టే.

రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. ఒకసారే కుదురుతుందంటే రాత్రిది మానకండి. పొద్దుటి తోముడు మన ఆచారం, రాత్రిది మన అవసరం. నిద్రలో లాలాజలం తగ్గి పాచికి తీరిక దొరుకుతుంది. కుంచె వంకర పోతే, లేదా మూడు నెలలకు బ్రష్ మార్చండి.

బ్రష్ ఎంత బాగా వాడినా పళ్ల సందుల్లోకి వెళ్లదు, జబ్బు మొదలయ్యేదేమో సందుల్లోనే. సందులు బిగువుగా ఉంటే ఫ్లాస్ వాడండి. దాన్ని టకీమని కిందికి నొక్కితే చిగురు తెగుతుంది. రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ దించి, ఒక పంటికి చుట్టినట్టు పట్టి పైకీ కిందికీ తుడవండి, తర్వాత రెండో పంటికి. చిగురు జారి సందులు పెద్దవైనవాళ్లకు ఫ్లాస్ చాలదు. సీసాలు కడిగే బ్రష్‌కు చిన్న పిల్లలా ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్ కావాలి. సైజులుంటాయి, ఏ సందుకు ఏది సరిపోతుందో డాక్టర్ దగ్గరే చూపించుకుని కొనుక్కోండి. నాకు రెండు సైజులు పట్టాయి. పిన్నీసు, అగ్గిపుల్ల మాత్రం పక్కన పెట్టేయండి.

వేప పుల్ల సంగతి అడుగుతారు. లేత పుల్లను బాగా నమిలి కుంచెలా చేసుకుని మెల్లగా తోమితే ముందు పళ్లు శుభ్రపడతాయి. చివర్లో పుల్లను చీల్చి నాలుక గీసుకునే పద్ధతి కూడా మంచిదే. కానీ దవడ పళ్ల లోపలి వైపుకు పుల్ల తిరగదు. ఇష్టమైతే పొద్దున పుల్ల, రాత్రి బ్రష్. ఇటుక పొడి, బొగ్గు, కచ్చిక, గరుకుగా తగిలే పళ్లపొడి వద్దే వద్దు. అవి పంటిని అరగదీస్తాయి.

ఉప్పు నీళ్లు, మౌత్‌వాష్, మాత్రలు

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే వాపున్న చిగురుకు ఉపశమనం. గార మాత్రం కరగదు. నూనె పుక్కిలించడం కూడా తోమడానికి బదులు కాదు. లవంగ నూనె నొప్పిని కాసేపు మరిపిస్తుంది, చిగురు మీద నేరుగా ఎక్కువ రాస్తే మండి పుండవుతుంది.

క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మౌత్‌వాష్ డాక్టర్ రాస్తే 10 మిల్లీలీటర్లు, రోజుకు రెండుసార్లు, నిమిషంపాటు పుక్కిలించి ఉమ్మాలి. పేస్టుతో తోమిన వెంటనే వాడితే దాని పని తగ్గుతుంది. అరగంట ఎడం ఇవ్వండి. రెండు వారాలు దాటించొద్దు. పళ్ల మీద గోధుమ మరకలు పడతాయి, నాలుకకు రుచి మారుతుంది. టీ, కాఫీ తాగేవాళ్లకు మరకలు ఇంకా తొందరగా వస్తాయి.

మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ షీట్ కొనుక్కుని మింగే అలవాటు మనకుంది. రెండు రోజుల్లో వాపు దిగుతుంది, జబ్బు తగ్గిందనుకుంటాం. గార అక్కడే ఉంటుంది. నెల తిరిగేసరికి మళ్లీ వాపు. శుభ్రం చేయకుండా మాత్ర ఒక్కటే పనిచేయదు. అవసరమైన కొద్దిమందికి డాక్టరే రాస్తారు.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు

చిగురు ఉబ్బి చీముతో పాటు జ్వరం ఉన్నా, వాపు కంటి కిందికో మెడలోకో పాకుతున్నా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ కదలకుండా ఉంటే, ఒకే ఒక్క పన్ను కారణం లేకుండా వదులైతే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. పొగాకు అలవాటు ఉంటే మరీను.

అయిదో పని: మూడు నెలలకోసారి వెళ్లడం

మామూలు చిగుళ్ల వాపు వచ్చి తగ్గినవాళ్లు ఆరు నెలలకో ఏడాదికో చూపించుకుంటే చాలు. ఎముక దాకా వెళ్లినవాళ్లకు మొదట్లో మూడు నాలుగు నెలలకోసారి శుభ్రం చేయించుకోవడం తప్పదు. షుగర్, బీపీలకు తిరిగినట్టే దీనికీ తిరగాలి. వెళ్లిన ప్రతిసారీ పాకెట్లు కొలిపించి పాత ఫొటో పక్కన పెట్టి చూడండి. పన్ను కొంచెం ఊగుతోందని వెంటనే పీకించుకోకండి. శుభ్రం చేశాక కొన్ని బిగుస్తాయి, కొన్నిటిని పక్క పళ్లకు కలిపి సన్నని తీగతో కట్టి నిలబెట్టవచ్చు. పైకీ కిందికీ కూడా కదిలే పన్ను మాత్రం సాధారణంగా నిలబడదు.

నా చార్టులో మొదటిసారి ఒక చోట 6, రెండు చోట్ల 5 ఉన్నాయి. మూడు నెలలకు 6 కాస్తా 4 అయింది, 5ల్లో ఒకటి 3కి వచ్చింది. రెండో 5 అలాగే ఉంది. వెనక దవడ పంటి లోపలి వైపు, బ్రష్ తిప్పడానికి చెయ్యి మెలి తిరిగే చోటు. ఇప్పుడు రాత్రి బ్రష్ అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.